బోసినోటి కుక్కపిల్ల

జమ్మలమడుగు పశువుల ఆసుపత్రిలో గొర్రెలు కాసే అవ్వొకతె, వెంట్రుకే మొలవని కుక్కపిల్లను కొంగులో చుట్టుకొచ్చి డాక్టరమ్మ మొగం దిక్కే చూస్తా ఉంది.

“వెంట్రుకల్లేకుంటే పోనీ, పండ్లు గూడా సగం లేవేంది డాక్టరమ్మా?”

“రెండింటికీ జన్యువు ఒకటే అవ్వా. తల్లి నుంచి వచ్చిన విత్తనమే పుచ్చిదనుకో. కదిలే పన్నొకటి పీకేసినా. దినామూ తడిగుడ్డతో చిగుళ్లు తుడువు. ఎండకు తోలు కాలిపోతాది, పాత బనీను తొడుగు.”

“మరి ఏం తింటాది? సంగటి పెట్టొచ్చునా? మేమూ నమిలేదేం లేదు, ముద్ద చేసి మింగేదే.”

“బేషుగ్గా పెట్టు, మజ్జిగలో పిసికి. ఇంగ ఇంటికి తీస్కపో.”

అవ్వ కదల్లేదు.

“ఏమైంది అవ్వా?”

“ఈడ్నే వదిలేసి రమ్మన్యాడు మా ఆయన. కరవలేని కుక్క గొర్రెల కాడ ఎందుకంటాడు. బోడిది, బోసిది అని ఒకటే ఎగతాళి.”

“ఆ పెద్దాయనకు మాత్రం అన్నీ ఉండాయా?”

“యాడివి! తలమీద వెంట్రుకలు ఎప్పుడో పాయ. కడాకు మిగిలిన పన్ను గూడా మొన్న ఉగాదికి రాలిపాయ.”

అనేసినాక గానీ అవ్వకు తానన్నదేందో తట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పడీ పడీ నవ్వింది.

“బనీను గూడా ఆయనదే తొడుగుతా డాక్టరమ్మా. బోడిగుండూ బోసినోరూ అని ఎల్లగొట్టేటట్టయితే, ముందు గడప దాటాల్సింది నువ్వేనని చెప్తా!”