పాలగుమ్మడికి పై నిప్పు

మా ముత్తాత ఏసోబుగారు బావి తవ్వినవాడు. ఆ రోజుల్లో ఈ పాలెంలో మంచినీళ్ళు లేవు. మన ఆడవాళ్ళు కాలవ దాకా నడిచి వెళ్ళి, అవతలి ఊరివాళ్ళు దయతలచి తోడి పోస్తే తప్ప బిందె నింపుకోలేకపోయేవాళ్ళు. ఆయన ఏం చేసినాడంటే, తన సొంత దొడ్డిలోనే, తన ఇద్దరు కొడుకులనూ వెంట పెట్టుకుని, ఒక వేసవి అంతా తవ్వినాడంట. నీళ్ళు పడిన రోజున దొడ్డి గోడ తానే పడగొట్టినాడంట, నీళ్ళకు వచ్చినవాళ్ళు నన్ను అడిగి లోపలికి రావలసిన పని లేదు అని. ఆయన భార్య దీనమ్మగారు. చుట్టూ ఏడు ఊళ్ళకు మంత్రసాని. ఏ కులమని అడిగినది కాదు, ఏ వేళ అని అడిగినది కాదు. ఆ దంపతులకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మాణిక్యంగారు, ఈ పాలెం సంఘానికి పెద్ద. చిన్నవాడు ఇమ్మానుయేలు. ఈ ఇమ్మానుయేలు భార్యే మా అమ్మమ్మ సువార్తమ్మ. పెద్దల పేర్లు చెప్పకుండా కథలోకి దిగటం నాకు చేతకాదు, మీరు ఓపిక పట్టాలి. వింటున్నారు కదా అని చేతులు ఆపకండి. రేపు పండుగ, ఇంకా రెండు గుమ్మడికాయలు మిగిలే ఉన్నవి. ముక్క పలచగా రావాలి. ఇటు పట్టుకుంటే అటు వేలు నీడ కనిపించాలి, అంత పలచగా.

ఈ పాలగుమ్మడి వంటకం మన ఇంటికి ఎలా వచ్చినదంటే, దీనమ్మగారు వయసులో ఉన్నప్పుడు దొరసాని బంగళాలో కొన్నాళ్ళు వంటింటి పని చేసినదంట. క్రిస్మసు విందుకు అక్కడ కూరగాయ ముక్కలు పొరలు పొరలుగా పేర్చి, మీద మీగడ పోసి, ఇనుప పెట్టెలో పెట్టి, కిందా మీదా సెగ తగిలేట్టు కాల్చేవాళ్ళంట. ఆమె చూసింది. మన దగ్గర ఇనుప పెట్టె ఎక్కడిది? అందుకని గుంట తవ్వి తుమ్మబొగ్గులు పోసి, దాని మీద కళాయి వేసిన ఇత్తడి గంగాళం దించి, అందులో గుమ్మడి ముక్కలు, ఉల్లిపాయ, ఉప్పు, మిరియాల పొడి పొరలుగా పరిచి, మరిగి మరిగి చిక్కబడిన పాలు మీగడతో సహా పోసి, పైన వేపిన బియ్యపు రవ్వ చల్లి, ఇనుప రేకు మూత వేసి, ఆ మూత మీద మళ్ళీ నిప్పులు పేర్చేది. కింది నిప్పు ముక్కను ఉడికిస్తుంది, పై నిప్పు మీగడను ఎర్రగా పొర కట్టిస్తుంది. పై నిప్పు లేకపోతే అది వట్టి పాలు పోసిన కూర, అంతే.

అయితే దీనమ్మగారు దానికి ఒక పద్ధతి పెట్టినది. మొదట్లో, అందరం ఒక్క దేవుణ్ణే కొలుస్తున్నామని చెప్పుకుంటూనే, ఆ ఇంటివాళ్ళు వండితే మేము తినము, ఈ ఇంటివాళ్ళు ముట్టుకుంటే మేము తినము అని మనలో మనమే ఎడంగా కూర్చునేవాళ్ళంట. సిగ్గుపడవలసిన మాట, కానీ నిజం. అప్పుడు ఆమె ఏమన్నదంటే, పండుగనాడు ప్రతి ఇంటి నుంచి చెంబుతో పాలు రావాలి, పాడి లేని ఇంటివాళ్ళు గరిటెడు తెచ్చినా చాలు, తెచ్చినవాళ్ళు తమ చేత్తోనే వంచాలి, అన్నీ ఒక్క గంగాళంలో పడాలి, అన్ని ఇళ్ళవీ పడేదాకా నేను పై నిప్పు వేయను అన్నది. ఒకసారి కలిసిన పాలను ఎవరు విడదీస్తారు? తినదలచినవాళ్ళు అందరివీ తినాలి, లేకపోతే ఎవరివీ తినకూడదు. ఆమె పోతూ పోతూ ఆ పని మా అమ్మమ్మకు అప్పగించినది. అప్పటికి పాలెంలో ఇరవై రెండు ఇళ్ళు.

ఏమైందంటే, దీనమ్మగారు పోయిన రెండో ఏడు, వేసవిలో, పాలెంలోకి మశూచి వచ్చినది. కరుణమ్మ అని చివరి ఇంటి ఆమె. భర్త లేడు, లేయమ్మ అని ఆరేళ్ళ కూతురు ఒక్కతే. ఆ పిల్లకు సోకినది. మాణిక్యంగారు సంఘపెద్ద కదా, తొమ్మిది రోజులు రోజూ వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసినాడంట. పదో రోజు వెళ్ళలేదు. ఆ రోజు పిల్లకు మరీ ఎక్కువైంది. కరుణమ్మ ఏం చేసిందంటే, కుండలో పెరుగన్నం కలిపి తీసుకువెళ్ళి పోలేరమ్మ రాయి ముందు పెట్టి వచ్చింది. మర్నాడు పిల్ల పోయింది. ఆమె పెట్టటం ఎవరో చూశారు, చూసినవాళ్ళు చెప్పారు. మాణిక్యంగారు సంఘం ముందు నిలబడి, ఈమె దేవుణ్ణి విడిచినది అన్నాడు, సంఘం పేర్ల పుస్తకంలో ఆమె పేరు కొట్టివేసినాడు, ఆ పసిదాని సమాధి దగ్గర ప్రార్థన కూడా చేయలేదు. నేను ఆయన మనవరాలి వరుస దాన్ని, ఆయన మీద నింద వేయటానికి చెప్పటం లేదు. జరిగినది జరిగినట్టు చెప్పాలి కనుక చెబుతున్నాను.

ఇక క్రిస్మసు వచ్చినది. ఆరాధన అయింది. ప్రేమవిందుకు పందిరి కింద ఆకులు వేశారు. అన్నం వార్చారు, పప్పు దించారు. మా అమ్మమ్మ గంగాళం పేర్చి, కింది నిప్పు రాజేసి, మూత వేసి, పట్టకారు చేత్తో పట్టుకుని కూర్చున్నది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉన్నది. సూర్యుడు నడినెత్తికి వచ్చినాడు. పిల్లలు ఆకుల ముందు కూర్చుని లేచి, మళ్ళీ కూర్చున్నారు. ప్రకాశం అని ఒక ముసలాయన, నోరు ఊరుకోనివాడు, అక్కడి నుంచే కేక పెట్టినాడంట: “సువార్తమ్మా! ఆ గుమ్మడికాయ మళ్ళీ తీగకు కాసి రావాలా ఏమిటమ్మా?” అందరూ నవ్వినారు. ఆమె నవ్వలేదు.

అప్పుడు మాణిక్యంగారు వచ్చినాడు. ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆయన మా అమ్మమ్మకు బావగారు. భర్తకు అన్నగారైనవాడితో మరదలు ఎదురుగా మాట్లాడటం ఆ రోజుల్లో లేదు. కాపురానికి వచ్చిన పధ్నాలుగేళ్ళలో ఆమె ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆయనా ఈమెతో మాట్లాడలేదు. ఏదైనా ఉంటే మధ్యలో మా తాత. అందుకని ఆయన తమ్ముడి వైపు తిరిగి, “పై నిప్పు ఇంకా వేయలేదేమి?” అని అడిగినాడు. ఈమె చెంగు తల మీదికి లాక్కుని, భర్తను చూస్తూ, “ఏమండీ, బావగారితో చెప్పండి. ఇరవై ఒక్క చెంబులే పడినవి. ఇంకొక ఇంటిది రావాలి” అన్నది.

“అన్నయ్యా, ఇరవై ఒకటే పడినవంట.”

“నాకు చెవులు ఉన్నవిరా. ఉన్న ఇళ్ళే ఇరవై ఒకటి, పుస్తకంలో అంతే ఉన్నవి అని చెప్పు.”

“ఏమే, పుస్తకంలో...”

“విన్నాను. అత్తగారు నాకు పుస్తకం అప్పగించలేదు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, ఎన్ని పొయ్యిల పొగ లేస్తే అన్ని ఇళ్ళు అని చెప్పినది. ఈ ఉదయం కరుణమ్మ ఇంట పొగ నేను చూశాను. బావగారితో చెప్పండి.”

మా తాత మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. చెప్పవలసింది ఏమీ మిగలలేదు, ఇద్దరికీ అన్నీ వినిపిస్తూనే ఉన్నవి. మాణిక్యంగారికి కోపం వచ్చినది. “మా అమ్మ పెట్టిన పద్ధతి నాకు నేర్పుతున్నదా? నూరుమంది ఆకలితో కూర్చున్నారు. ఇక నిప్పు వేయమని చెప్పు” అన్నాడు. ఈమె ఏం చేసినదంటే, లేచి నిలబడి, పట్టకారు భర్త చేతిలో పెట్టినది. “ఇది బావగారికి ఇవ్వండి. వేయదలచుకుంటే ఆయన వేయవచ్చు, ఆయన తల్లి గంగాళమే కదా, నేను అడ్డుపడను. నేను మాత్రం వేయను” అన్నది.

ఆయన పట్టకారు తీసుకున్నాడు. ఒక నిప్పు పట్టినాడు. మూత మీదికి చెయ్యి చాచినాడు. చాచి అలాగే నిలబడిపోయినాడు. ఎంతసేపు అలా ఉన్నాడో తర్వాత ఎవరూ సరిగా చెప్పలేకపోయినారు. చేతిలోని నిప్పు బూడిద కట్టినది, అది మాత్రం అందరూ చెప్పారు. ఆ నిప్పును తీసుకువెళ్ళి మళ్ళీ గుంటలోనే పడవేసి, పధ్నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె వైపు తిరిగి, “చెంబు ఇవ్వు, అమ్మాయీ” అన్నాడంట.

చెంబు పట్టుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఆ చివరి ఇంటికి ఆయనే నడిచినాడు. మా తాత వెనకాలే వెళ్ళినాడు, అక్కడి మాటలు ఆయన చెప్పగా విన్నవే. కరుణమ్మ గుమ్మంలో చాట ముందు పెట్టుకుని కూర్చున్నది. లేవలేదు.

“కరుణమ్మా, పాలు కావాలి.”

“ఎవరికి అయ్యగారూ?”

“గంగాళానికి.”

“నా పేరు కొట్టేశారు గదండీ. పేరు లేని ఇంటికి పాలు ఎక్కడివి?”

“పుస్తకం నా దగ్గర ఉన్నది. పై నిప్పు సువార్త దగ్గర ఉన్నది.”

ఆమె చాటలో బియ్యం కదుపుతూ, “పాలు నిజంగానే లేవు అయ్యగారూ” అన్నది. “మా లేయ పోయిన మూడోనాడే గేదెను మా అన్న ఇంటికి తోలించేశాను. పాలు పితికేటప్పుడు గిన్నె పట్టుకుని దూడ పక్కన నిలబడేది. పితకటానికి కూర్చుంటే నాకు చేతులు ఆడలేదు.” ఆమె తల ఎత్తి, “ఒక్క మాట అడగనా? పదో రోజు కబురు పంపి, తలుపు తీసి పెట్టుకుని ఎదురుచూశాను. మీరు ఎందుకు రాలేదు?” అన్నది. మా తాత చెప్పేవాడు, మా అన్నయ్య అంత పొడుగు మనిషి ఆ రోజు ఆ చూరు కింద నిలబడి ఇంతవాడైపోయినాడు అని. అప్పుడు, “ఆ మాట నీకు ఒక్కదానికి చెప్పి తప్పించుకోను. చెంబు నీ చేత్తో పట్టుకో. నీవు రాకపోతే నేనూ ఇక్కడే కూర్చుంటాను” అన్నాడంట. అని, నిజంగానే, ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

ఆమె ఎందుకు లేచినదో నేను చెప్పలేను. కోపం పోయి లేచినదని అనుకోవద్దు. లేచినది. ఖాళీ చెంబు తీసుకుని నడిచినది. వీధి మధ్యలో ఆమె, రెండు అడుగుల వెనక ఆయన. గుంట దగ్గరికి వచ్చిన తర్వాత ఆయన పందిరి వైపు తిరిగి, అందరికీ వినిపించేట్టు చెప్పినాడు: “పదో రోజు నన్ను పిలిచినది. నేను వెళ్ళలేదు. నా ఇంట్లో పిల్లలు ఉన్నారని భయపడి వెళ్ళలేదు. ఎవరూ రాలేదు కనుక ఆ తల్లి రాయి దగ్గరికి వెళ్ళింది. ఈమె పేరు కొట్టివేసిన రోజున ఆ మాట మీకు చెప్పలేదు.”

మా అమ్మమ్మ మూత తీసింది. “వంచు, కరుణా” అన్నది. కరుణమ్మ చెంబును గంగాళం మీదికి తెచ్చి, బోర్లించినది. ఏమీ పడలేదు. ఏం పడుతుంది, అందులో ఏమున్నది గనుక? చివరి చుక్క రాలేదాకా పట్టుకున్నట్టు, బోర్లించిన చెంబును అలాగే పట్టుకున్నది. మా అమ్మమ్మ కూడా తొందరపెట్టలేదు. తర్వాత పైకే, స్పష్టంగా, “ఇరవై రెండు” అని లెక్కపెట్టి, మూత వేసి, పై నిప్పు పేర్చినది.

ఆ పూట పాలగుమ్మడి చాలా రుచిగా ఉన్నదని చెప్పమంటారా? నేను అబద్ధమాడను. కింది నిప్పు అంతసేపు ఉన్నది కనుక అడుగంటినది, పొగ వాసన వచ్చినది. అందరూ తిన్నారు. కరుణమ్మ తినలేదు. ఆకు ముందు కూర్చున్నది, అంతే. ఆ సాయంత్రం మాణిక్యంగారు లేయమ్మ సమాధి దగ్గరికి వెళ్ళి, ఏడు నెలలు ఆలస్యంగా, చేయవలసిన ప్రార్థన చేసినాడు. పేరు మళ్ళీ తన చేత్తోనే రాసినాడు. ఆయన అంతటితో పెద్దరికం వదులుకున్నాడని కొందరు కథ అల్లుతారు, అది నిజం కాదు. పోయేదాకా పెద్దగానే ఉన్నాడు, అంతే గట్టిగానే అరిచేవాడు. కరుణమ్మ మళ్ళీ గేదెను కట్టలేదు. ఎనిమిదేళ్ళు పండుగ పండుగకూ ఖాళీ చెంబే తెచ్చినది. ఎనిమిదేళ్ళూ మా అమ్మమ్మ దాన్ని లెక్కలో వేసింది. మూడో ఏడో నాలుగో ఏడో తినటం మాత్రం మొదలుపెట్టిందంట.

ఇక నా సంగతి చెప్పి ముగిస్తాను. ఆ గంగాళం చిల్లు పడితే మార్చివేశాము, ఇప్పుడున్నది దాని తర్వాత మూడోది, కనుక పెద్దల గంగాళం మీకు అప్పగించినానని చెప్పుకోను. పెద్దకోడలికి ముక్క పలచగా కోయటం నేర్పినాను. చిన్నకోడలికి పాలు అడుగంటకుండా మరిగించటం నేర్పినాను, ఆమెకు ఇంకా పూర్తిగా రాలేదు. మనవరాలు షారోనుకు ఇళ్ళ లెక్క అప్పగించినాను. గ్యాసు పొయ్యిలు వచ్చిన తర్వాత పొగ కనిపించదు కనుక, ప్రతి తలుపూ తట్టి లెక్కపెట్టమన్నాను. నిన్న తట్టి వచ్చింది. ఎనభై నాలుగు. నేను అప్పగించినది అంతే.