కొబ్బరి పీచు రెజీనా

మొదట సంగతి చెబుతాను, తర్వాత కథ. నా మనవరాలు ఎవాంజెలిన్ నెల్లూరులో నర్సింగు రెండో ఏడు. శనివారం మా ఊరు కోటకొచ్చి, సంచి మూలన పడేసి, ఇంక కాలేజీకి పోనంటే పోనని కూర్చుంది. వాళ్లకు పాఠం నేర్పే పేషెంటు బొమ్మ ఒకటుంది. కళ్లార్పుతుంది, ఊపిరి తీస్తుంది, గాజు గదిలో కూర్చున్న సారు మైకులో మాట్లాడితే దాని నోట్లోంచి వినిపిస్తుంది. పరీక్షలో అది "ఊపిరాడటంలా సిస్టర్" అనిందంట. ఈ పిల్లకు నోరు పెగల్లేదు, చెయ్యి కదల్లేదు. తెర మీద గీత తిన్నగా అయిపోయింది, బొమ్మ చచ్చిపోయింది. సోమవారం మళ్లీ పరీక్ష. అదీ పోతే ఏడాది వెనక్కి.

ఆదివారం చర్చి అయినాక, దాన్ని ఐదింటి బస్సెక్కించుకుని పోదామని తోటి పిల్ల ధనలక్ష్మి వచ్చింది. పులికాట్ సరస్సు మీద చేపల వేటకు పోయేవాళ్ల బిడ్డ. అరుగు మీద ఇంకో పక్క మా పెంచలమ్మ చింతపండుకు గింజలు తీస్తా ఉంది. నేను నర్సింగు చదివిన మిషనాసుపత్రిలోనే ఆయాగా చేసింది, ఇప్పుడు పక్కిల్లే.

"బొమ్మకు భయపడతారా ఎవరన్నా?" అని మొదలుపెట్టినాను. "మాకూ ఉండింది ఒక బొమ్మ. రెజీనా దాని పేరు. పరుపు గుడ్డలో కొబ్బరి పీచు కూరి కుట్టింది. కరెంటు లేదు, మైకు లేదు. మొదటి రోజే దాని కింద దుప్పటి మార్చినాను చూడు, తల కూడా ఒరగలా. ట్యూటరమ్మ చూసి, మగ్దలీనా, నీవి చేతులా నెమలీకలా అనింది."

"అంతవరకు నమ్మొచ్చు," అనింది ధనలక్ష్మి.

"నమ్మొచ్చు కాదు, నమ్మాల. రెండో రోజు ఇంజెక్షను. సూది ఎట్లా పట్టుకోవాల? పెన్సిలు పట్టుకున్నట్టు. నేనట్లా పట్టుకుని గుచ్చినానా, నొప్పి తెలీక రెజీనా నిద్రపోయింది. గురక కూడా పెట్టింది."

"పీచు బొమ్మా!"

"పీచే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక పిల్ల దానికి దుప్పటి కప్పకుండా భోజనానికి పోయింది. వానాకాలం. పొద్దున థర్మామీటరు పెడితే నూట రెండు! జ్వరమొచ్చిన మనిషికి ఏం చేస్తాం? తడిగుడ్డ వేస్తాం. మూడు రోజులు తడిగుడ్డ వేసి, గంజి తాపి లేపినాను. లేచి కూర్చుని మిరియాల చారడిగింది. ఎనిమా నేర్చుకునే రోజైతే, మేం బకెట్టు తెచ్చేది చూసి మంచం దిగి పరిగెత్తింది తల్లీ, వరండా చివర ఆరుగురం పట్టుకున్నాం."

ఎవాంజెలిన్ మొహం అటు తిప్పుకునే ఉండింది గానీ, భుజాలు కదిలినాయి. నాకది చాలు, ఇంక ఆగలేదు.

"అసలైంది తుఫాను నాడు జరిగింది. స్వర్ణముఖి పొంగి నీళ్లు కాన్పుల వార్డు మెట్లెక్కినాయి. లోపల నలుగురు నిండు చూలాళ్లు, పడవ లేదు. పీచు తేలుతుందా మునుగుతుందా? తేలుతుంది గదా. రెజీనాను నీళ్లలో పడుకోబెట్టి, నలుగుర్నీ ఎక్కించి, బెడ్‌పానుతో తెడ్డేసుకుంటా నాయుడుపేట దాకా..."

"నానితే మునుగుతుంది అవ్వా," అనింది ధనలక్ష్మి. "మా నాయన తెప్పకు పీచు కట్టడు."

"మీ నాయన పీచు వేరు, మా పీచు వేరు. నడి ఏట్లో ఒకామెకు నొప్పులు. నా చేతిలో తెడ్డు, వదిలితే తిరగబడతాం. ఎవరు చూడాల? రెజీనానే పడుకున్నచోటి నుంచి చేతులు చాపి బిడ్డను పట్టుకుంది. కవలలు! అది చూసి మిగతా ముగ్గురూ కనేసినారు. ఎక్కింది నలుగురు, గట్టున దిగింది తొమ్మిదిమంది. మా ఆసుపత్రి దొరసాని రెజీనాకు నర్సు టోపీ పెట్టి డ్యూటీ చార్టులో పేరు రాసింది. ముప్పై ఏండ్లు నాతో సమానంగా చేసి, నాతోపాటే రిటైరయింది. నేను మాత్రం ఒక్క పరీక్ష తప్పింది లేదు, ఒక్క పేషెంటు ముందు బెదిరింది లేదు."

పెంచలమ్మ చింతపండు చాట పక్కన పెట్టింది.

"సిస్టరమ్మా, మీకు బొమ్మెక్కడుండింది? వార్డు ఊడ్చే నన్ను పిలిచి పడుకోబెట్టేవాళ్లు. నువ్వు చెప్పే రెజీనా నేనే గదా."

"ఊరుకో పెంచలక్కా."

"ఏం ఊరుకునేది? మొదటి పరీక్షలో ఈమే కొయ్యబారిపోయింది పాపా. నా భుజం వదిలి దిండుకు గుచ్చింది సూది. తప్పింది. రెండోసారీ తప్పింది. వంటింటి వెనక నీళ్ల తొట్టి కాడ కూర్చుని, ఇంటికి పోతానని ఒకటే ఏడుపు."

ఎవాంజెలిన్ ఇటు తిరిగింది. "నువ్వా అవ్వా?"

యాభై ఏండ్లు మా ఇంట్లో ఎవరికీ చెప్పని మాట. కాదందామనే నోరు తెరిచినాను. ఆ తొట్టి మీద పాచి, ఫినాయిలు వాసన, చీపురు పక్కన పెట్టి నా పక్కన కూలబడిన పెంచలక్క, అప్పుడామె జడ ఎంత నల్లగా ఉండేదో, అన్నీ కళ్లముందుకొచ్చినాయి.

"నేనే," అన్నాను. "నా పేరడుగు సిస్టరమ్మా అని ఈమె చెప్పింది. నాతో మాట్లాడతా ఉండు, చేతులు వాటంతటవే వస్తాయి అనింది. మూడోసారి అట్లానే చేసినాను."

"ఆమె మనిషి. మాది ప్లాస్టిక్కు," అనింది నా మనవరాలు.

"నన్నూ పలకొద్దన్నారు, కదలొద్దన్నారు," అనింది పెంచలమ్మ. "ఎంతమంది గుచ్చిపోయినారో, ఒక్కరూ పేరడగలేదు. ఈమె అడిగిందాకా నేనూ బొమ్మనే."

అని మోకాళ్లు పట్టుకుని లేచి, అరుగు మీది నులక మంచంలో వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది. బస్సుకింకా ముప్పావుగంట ఉంది. ధనలక్ష్మి చప్పుడు చేయకుండా మూలనున్న సంచి తెచ్చి ఒళ్లో పెట్టుకుంది.

ఎవాంజెలిన్ చెంబు తీసుకుని దొడ్లోకి పోయింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. మంచం పక్కన వంగి, ముసలి చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, నా పేరు ఎవాంజెలిన్. మీ పేరేందమ్మా?"

"రెజీనా," అనింది పెంచలమ్మ కళ్లు తెరవకుండానే. "పీచు నానకముందే కానీ తల్లీ."