ప్లంబరు కాళ్లు చాపుకునే కుర్చీ

తాగుడు మాన్పించే మీటింగుకి వారం వారం వెళ్తున్నానని అక్కకి చెప్పిన ఆ పిల్ల ఇంతవరకూ ఆ గది గడప తొక్కలేదు. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు సరికదా, అద్దం ముందు కూడా అనుకోలేదు. ఆదివారాలు ఇంటికొచ్చి అక్క కూతురితో ఆడుకోవచ్చు గానీ మీటింగు మాత్రం మానకూడదు, అది అక్క పెట్టిన షరతు. ఆమె మానలేదు. మొదలుపెడితే కదా మానడానికి.

పని జిరాక్సు షాపులో. ఒక కాగితం ఇస్తే పది చేసి ఇస్తుంది, ఒక మాట ఇచ్చినా అంతే. సాయంత్రం షట్టరు దించి ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చుందంటే ఇక కోతలకి అడ్డూ ఆపూ ఉండదు. ఆ రోజు చెప్పుల కొట్టు మామయ్య, తన బావమరిది తాగొచ్చి చెప్పుల అరల మీద పడ్డాడని వాపోతుంటే చటుక్కున అందుకుంది.

"మా పక్కింటాయన ముందు మీ బావమరిది పాలు తాగే పసివాడు మామయ్యా. అలాంటాయన చేత మాన్పించాను నేను."

పక్కింటాయన అంటూ ఎవరూ లేరు. పక్కింటికి తాళం.

"నువ్వా?" అంది టీ కొట్టు అత్త, పాలు పొంగకుండా ఊదుతూ.

"పెద్ద పనేం కాదత్తా, మీటింగు ఎక్కడో కనుక్కుని తీసుకెళ్లానంతే. కాకపోతే ఆ కనుక్కోవడం ఉంది చూడు, మందు కొట్టెక్కడంటే నిద్రపోయేవాడు కూడా వేలు చూపిస్తాడా, ఇదెక్కడంటే మాత్రం ప్రతివాడూ వంగి నా మొహం వాసన చూడ్డమే. అప్పుడేం చేశానో తెలుసా? తాగినవాళ్ల వాసన ఎవడైనా పడతాడు, నేను తాగనివాళ్ల వాసన పట్టాను. వంతెన మీద గాలికెదురుగా నిలబడి ముక్కు ఎగబీల్చానా, ఉత్త టీ, మెత్తబడ్డ బిస్కెట్లు, కాస్త పశ్చాత్తాపం. ఆ వాసన వెంటే కళ్లు మూసుకుని నడిస్తే సరిగ్గా సైకిల్ షాపు ముందు తేలాను, మీటింగు దాని పైన ట్యూషన్ గదిలో."

"పశ్చాత్తాపానికి వాసనేంటి?" అన్నాడు సెలూన్ అన్న.

"ఆరకుండా మడతపెట్టిన తువ్వాలు వాసన అన్నా," అంది వెంటనే. ఇదొక్కటీ కల్పించింది కాదు.

"ఇక మా పక్కింటాయన. నీళ్ల సీసాలో మందు పోసుకు తిరుగుతాడు, పైన లవంగం నములుతాడు, ఎవరూ కనిపెట్టలేదనుకుంటాడు, అంత తెలివైనవాడు. తీరా వెళ్లాక సగం మెట్లు ఎక్కి కూలబడ్డాడు, చస్తే రానన్నాడు. సరేనని మెట్లతో సహా ఎత్తేశాను."

"మెట్లతో సహానా?"

"ఇనప మెట్లత్తా, బోల్టులు వదులు. ఎత్తి గుమ్మంలో దింపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన నోరు విప్పాడో లేదో నలభై మంది ఒక్కసారి లేచారు, అయ్యో అని ఒకరు, నువ్వలా చెయ్యకుండా ఉండాల్సింది అని ఒకరు, మా ఇంట్లోనూ ఇంతే అని ఇంకొకరు, ఒకటే గోల. నేను బల్లెక్కి ఒక్క కేక వేశాను. ఆ కేకకి ఊళ్లో ఉన్న మందు సీసాల మూతలన్నీ బిగుసుకుపోయాయి. ఇప్పటికీ రావట్లేదు. మందు కొట్టువాడు పళ్లు ఊడగొట్టుకుని చివరికి సోడాలమ్ముకుంటున్నాడు. తాగేవాడే లేనప్పుడు ఇంకా మీటింగెందుకని ఆ గదికి తాళం వేద్దామంటున్నారు, నేనే వద్దన్నాను."

చెప్పుల మామయ్య నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బెంచీ చివర కూర్చున్న డ్రైవర్ బాబాయి గ్లాసు కింద పెట్టాడు.

"గోల చేశారా అమ్మా?"

"చెవులు చిల్లులు పడేలా బాబాయ్."

"అక్కడ ఒకరు చెప్తుంటే రెండోవాళ్లు నోరెత్తరు. సలహా ఇవ్వరు, అయ్యో అని కూడా అనరు. చెప్పేవాడు మధ్యలో ఆగిపోతే మళ్లీ అందుకునేదాకా ఫ్యాను చప్పుడే."

"నీకెలా తెలుసు?" అన్నాడు సెలూన్ అన్న.

"ఆ గదిలో కుర్చీలు వేసేది నేనే. బస్సు నడపడం డిపో వాళ్లు మాన్పించారు. తాగుడు నేను మానాను."

సెలూన్ అన్న ఎవరో పిలిచారంటూ లేచాడు, మామయ్య కొట్టు కట్టేయాలన్నాడు, అత్త గ్లాసులు కడగడానికి వెనక్కి తిరిగింది. బాబాయి గొంతు తగ్గించాడు.

"ఆ మెట్లు ఊరికే కిర్రుమంటాయి, పైకి వినిపిస్తుంది. వారం వారం ఎవరో సగం దాకా ఎక్కుతారు. వస్తున్నారు కదాని తలుపు పక్కన ఒక కుర్చీ వేస్తాను. మళ్లీ దిగిపోయిన చప్పుడు. మీటింగుకొచ్చే మా ప్లంబరు ఆ ఖాళీ కుర్చీ మీద కాళ్లు చాపుకుంటున్నాడు. వాడికి అలవాటు పడిపోతే మళ్లీ తీయించడం నా వల్ల కాదు."

ఆమె కాలితో బెంచీ కింద ఉన్న తన సంచిని ఇంకాస్త లోపలికి నెట్టింది. లోపల సీసా టక్కుమంది.

"పక్కింటాయనకి చెప్తాను బాబాయ్."

"చెప్పు. మీటింగు రేపే. ఆడవాళ్లూ వస్తారని కూడా చెప్పు."

ఆయన వెళ్లిపోయాడు. ఆమె కదల్లేదు. నిజం చెబితే అక్క ఆదివారాలకి తలుపేసేయొచ్చు, పిన్ని రాలేదేమని పాప అడగొచ్చు. దానికి సరిపడా ఒక అబద్ధం అప్పుడే నాలుక చివరకొచ్చింది కూడా, మంచిదే, మూడు మలుపులున్నది. అది చల్లారిన టీతో పాటు గొంతులోకి దిగిపోయింది.

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. అక్కకి చేయాలి. సగం మెట్ల దాకా తనకి దారి తెలుసని, మిగతా సగానికి రేపు తోడు రమ్మని అడగాలి.