మొదటి పెట్టె

కువైట్‌లోని మంగఫ్ నుంచి గోడౌనుకు వెళ్లే కంపెనీ బస్సులో పెట్టెలు మోసే ఒకాయన ఫోనులో ఒక వీడియోనే మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. పక్క సీట్లోని కడప తమ్ముడు తొంగిచూశాడు.

"ఏందిన్నా అది, మనిషి మాదిరుండాది?"

"జపానోళ్ల రోబో. ఆర్నెల్లు నా నెత్తికి కెమెరా కట్టి పెట్టెలు మోయించినారు గదా, దీనికి నేర్పేదానికేనంట."

"అబ్బో, పెట్టెను తాకి కళ్లకద్దుకోని మరీ ఎత్తుతాందే! అచ్చం నీ మాదిరే!"

"పొద్దున్నే మొదటి పెట్టెకు నేను మొక్కేది చూసి, అదీ పనిలో భాగమేననుకోనుండాది."

"మరి నీ ఇఖామా, ఈడ ఉండే పర్మిట్టు?"

"ఈ తూరి రెన్యువల్ లేదంట. వచ్చే నెల ఇట్లాటివే దిగుతాయంట. నేను ఖలాస్."

"ఇన్నేండ్లూ ఏమని మొక్కుతాంటివిన్నా?"

"ఈ పని నాకుంటే చాలు సామీ, అని."

బస్సు గోడౌను ముందు ఆగింది. ఆ ఉదయం మొదటి పెట్టెను ఆయన మొక్కకుండానే ఎత్తాడు.