తిరిగొచ్చిన చెక్కు, తిరిగిరాని సీతారత్నం

నా పేరు గెడ్డం ఎలీసమ్మ, భర్త కీ.శే. మత్తయి, వయసు 63 సంవత్సరాలు, విశ్రాంత ఉపాధ్యాయిని, నివాసం రాజోలు. ఈ కేసులో ఫిర్యాదిని నేనే. రాజీకి కోర్టువారి అనుమతి కోరుతూ ప్రమాణం చేసి చెబుతున్నాను.

ముద్దాయి సీతారత్నం అంతర్వేది దగ్గర రొయ్యల చెరువు చేస్తోంది. ఆమెను పన్నెండేళ్లుగా ఎరుగుదును. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి చేపలు శుభ్రం చేసి తెచ్చి మా గుమ్మంలో కూర్చునేది. నాకు మోకాళ్ల నొప్పులని కూర కూడా తనే వండి వెళ్లేది.

2023 జూన్‌లో రొయ్యపిల్లల కోసం ఆమెకు రెండు లక్షలు అప్పిచ్చాను. ఆమె ఇచ్చిన చెక్కును డిసెంబరు 4న బ్యాంకులో వేశాను. ఖాతాలో సొమ్ము చాలదన్న చీటీతో అది తిరిగి వచ్చింది. వైట్‌స్పాట్ తెగులుకి చెరువంతా పోయిందని అప్పటికి నాకు తెలియదు. ఆ ఆదివారం ఆమె రాలేదు. తర్వాతా రాలేదు. ఫోను ఎత్తలేదు. సంతలో నన్ను చూసి పక్క సందులోకి వెళ్లిపోయింది. నోటీసు పంపితే దెబ్బలాడడానికైనా వస్తుందనుకున్నాను. రాలేదు. కేసు వేస్తే వాయిదాకైనా వస్తుందని వేశాను.

మొన్నటి వాయిదాలో ఆమె వకీలుగారు నన్ను ప్రశ్నించారు. "ఈ చీటీ మీద బ్యాంకు ముద్ర సరిగా లేదు. చెక్కు అసలు బ్యాంకుకే వెళ్లలేదు. చీటీ మీరే పుట్టించారు" అన్నారు.

ముద్దాయి బోనులో ఉన్న సీతారత్నం గట్టిగా అంది: "టీచరుగారు అబద్ధమాడరండీ. చెక్కు తిరిగొచ్చిందండీ. నా ఫోనుకీ మెసేజ్ వచ్చింది."

వకీలుగారు ఊరుకోమన్నారు.

"ఆయ్, ఊరుకుంటానండీ. ఆవిణ్ణి మాత్రం ఆ మాట అనకండి" అంది.

తర్వాత వరండాలో నా పక్కన కూర్చుంది. "మీ మొహం చూడలేక రాలేదండీ" అంది.

"డబ్బుకి కాదే, నువ్వు రావట్లేదని కేసు వేశాను" అన్నాను.

"ఆ ముక్క నోటీసులో రాయించలేకపోయేరా అండీ?" అని ఏడుస్తూనే నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

బాకీ పంట పంటకీ కొంత చొప్పున తీర్చేటట్టు మేమిద్దరం ఒప్పుకున్నాం. నన్నెవరూ బలవంతపెట్టలేదు. కేసు కొట్టివేసి, ఇకపై సీతారత్నాన్ని ఏ కాగితంలోనూ ముద్దాయి అని రాయవద్దని కోర్టువారిని ప్రార్థిస్తున్నాను.

పైదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, నిజమే ఉంది.

(సంతకం) గెడ్డం ఎలీసమ్మ