జరగబోయేది తీసే కెమెరా

త్రిమూర్తులు పావుగంట నోరు విప్పకుండా కూర్చుంటే చాలు, పెళ్ళి వీడియో తీసే పని అతనికే వచ్చేది. పల్లంరాజుగారు బయానా తాంబూలం సంచిలో పెట్టుకుని మరీ వచ్చారు. పాలకొల్లు బస్టాండు ఎదురుగా లోవమ్మ టీకొట్టు, పొద్దున్న తొమ్మిది. వచ్చే గురువారం ఆయన కూతురి పెళ్ళి. కాకినాడలో వాళ్ళమ్మగారు మంచం పట్టి ఉన్నారు, రాలేరు. మనవరాలి తలంబ్రాలు ఆ సాయంత్రానికే ఆవిడకి టీవీలో చూపించాలని ఆయన కోరిక. ఇటు చూస్తే ఈ ముహూర్తాల్లో త్రిమూర్తులుకి ఒక్క పెళ్ళీ తగల్లేదు. బెంచీ మీదున్న మేమందరం ఆ తాంబూలం అతని చేతిలో పడాలనే కోరుకున్నాం.

కానీ పల్లంరాజుగారు మాటవరసకి ఒక ముక్క అడిగారు. "మధ్యలో ఆగిపోకుండా వస్తుందాండీ వీడియో?"

అంతే, అయిపోయింది.

"ఆగడమాండీ! నా కెమెరాని ఆపడానికే నేను నానా తంటాలూ పడతానండి. ఇదిగో చూడండి, ఈ సంచిలోదే. మామూలోళ్ళు తీసేది మామూలు వీడియో. నేను తీసేది రా వీడియో అండి. పచ్చిదన్నమాట. చెరువులోంచి అప్పుడే తీసిన చేపలాంటిది, పులుసు తర్వాత మనకి కావలసినట్టు మనం పెట్టుకోవాలి. పచ్చిది కాబట్టి బరువండి. కెమెరాలో మెమరీ కార్డు ఉంటుంది చూశారా, తమలపాకులో సగం ఉండదు, అది ఆ బరువు మొయ్యలేక పది సెకన్లకే చతికిలబడిపోద్ది. అందుకని నేనేం చేశానంటే, మా మేనల్లుడి పాడైపోయిన లాప్‌టాప్‌లోంచి ఎస్‌ఎస్‌డీ ఊడబీకాను, అదేనండి, ఫైళ్ళన్నీ దాచుకునే బిళ్ళ. పాత కార్డు ఒకటి బ్లేడుతో చీరాను. దానికీ దీనికీ ఇరవై రెండు తీగలు, ఒక్కొక్కటి తలవెంట్రుకలో సగం, మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నేనే సోల్డరింగ్ చేశాను. అరగంట రా వీడియో, గుక్క తిప్పుకోకుండా వచ్చిందండి."

ఇంతవరకూ బాగానే ఉంది. పల్లంరాజుగారు తల కూడా ఊపారు. "ఇంక చాలు బాబాయ్, తాంబూలం పుచ్చుకో," అన్నాడు ఆటో చంద్రరావు మెల్లిగా.

"ఉండరా, రాజుగారికి పూర్తిగా తెలియాలి కదా! ఏవండోయ్, ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? వేడెక్కిపోయిందండి. ఎంత వేడంటే, సామర్లకోటలో ఒక పెళ్ళికి వెళ్తే, కెమెరా మీద చెయ్యేసిన ఫొటోగ్రాఫరు కుర్రాడి వేలిముద్రలు చెరిగిపోయి, ఆర్నెల్లు ఆధార్ పనిచెయ్యలేదు. అప్పుడు కాకినాడ హార్బర్ నుంచి రొయ్యల థర్మాకోల్ పెట్టె తెప్పించి, నిండా ఐసు నూరి పోసి, ఎస్‌ఎస్‌డీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అందులో పాతేశాను. కెమెరా పైన, పెట్టె కింద. ఇంక చూస్కోండి! నేను ఎటు కదిలితే అటు పదకొండు పిల్లులు. పెళ్ళికొడుకు పీటల మీదకి వస్తుంటే వెనక తోడిపెళ్ళికొడుకు లేడు, పిల్లులే."

"రొయ్యల వాసనేయలేదాండీ మగపెళ్ళివారికి?" అన్నారు పల్లంరాజుగారు.

"కాకినాడ వాళ్ళండీ, వాళ్ళకి అగరొత్తులే వాసన."

పల్లంరాజుగారు నవ్వారు. లోవమ్మ ఇదే అదననుకుని పొయ్యి మీదనుంచి అప్పుడే తీసిన మిరపకాయ బజ్జీ ఒకటి త్రిమూర్తులు నోట్లో కుక్కింది. మనిషి మొహం ఎర్రబడింది, కళ్ళెంట నీళ్ళొచ్చాయి, మాట మాత్రం ఆగలేదు.

"చల్లబడేసరికి... అబ్బ... ఎస్‌ఎస్‌డీకి స్పీడు పెరిగిందండి. ఫ్యాను తిరుగుతుంటే కెమెరాకి తగిలించిన మానిటర్లో రెక్కలు విడివిడిగా, రెక్క మీద దుమ్ము కూడా. ఈగ వాలబోతుంటే ఎక్కడ వాలదామా అని అది ఆలోచించుకోవడం కూడా కనిపించింది. ఇంకా పెరిగింది. ఎదురుగా ఉన్నదంతా రాసేసుకుంది, ఇంకా కావాలంటోంది. ఇప్పుడు జరిగేది అయిపోయిందండి, ఆకలి తీరలేదు. మరేం చేస్తది? జరగబోయేది లాగడం మొదలెట్టింది!"

"ఆయ్!" అన్నాడు చంద్రరావు నెత్తిన చెయ్యి పెట్టుకుని.

"నీ మీదొట్టురా! ముందు రెండు సెకన్లు. పురోహితుడుగారు మానిటర్లో తుమ్మారు, నేను ఇటు తిరిగి చూసేసరికి, హాచ్! తర్వాత పది నిమిషాలు. అక్కడొచ్చిందండి అసలు సంగతి. మగపెళ్ళివారి తాలూకు మేనమామ ఒకాయన, గణేష్‌బాబుగారని, మానిటర్లో ఏం చేస్తున్నాడు? కాఫీలో పంచదార తక్కువైందని అలిగి, చెప్పులేసుకుని గేటు దాటేస్తున్నాడు. ఇటు చూస్తే మనిషి కుర్చీలో హాయిగా కూర్చుని కాజా తింటున్నాడు! అలక అంటే మాటలాండీ? ఒక మేనమామ అలిగితే తెల్లారేలోగా పదిమంది అలుగుతారు. పెళ్ళికూతురి తండ్రి చెవిలో ఊదాను. ఆయన పాపం పరిగెత్తుకెళ్ళి చేతులు పట్టేసుకున్నాడు. 'బావగారూ, పొరపాటైపోయింది, మనసులో పెట్టుకోకండి.' 'ఏం పొరపాటండీ?' 'అదేనండి, కాఫీలో పంచదార.' 'కాఫీయా? నాకింకా కాఫీయే రాలేదు! అంటే అందరికీ ఇచ్చి నన్ను వదిలేశారన్నమాట!' అని అలిగి, చెప్పులేసుకుని గేటు దాటేశాడండి! అచ్చం మానిటర్లో వచ్చినట్టే, ఎడమ కాలి చెప్పే ముందు!"

ఈసారి అందరం పడీపడీ నవ్వాం. పల్లంరాజుగారు కూడా కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. సంచిలో చెయ్యి పెట్టారు, తమలపాకుల కొసలు బయటికి కనిపించాయి. నేను త్రిమూర్తులు కాలు తొక్కాను, ఆపమని. నా మటుకు నేను గట్టిగానే తొక్కాను.

"కాలు తొక్కకండి మేస్టారూ, ఇంకా ఉంది! అక్కణ్ణుంచి అరగంట, గంట, అలా పోతూనే ఉందండి. పీటల మీద ఇంకా కన్యాదానమే కాలేదు, మానిటర్లో అప్పగింతలు. పెళ్ళికూతురి తల్లి చూసేసి ఒకటే ఏడుపు. తీరా నిజం అప్పగింతలు వచ్చేసరికి కళ్ళల్లో చుక్కలేదు. ఆవిడ తోడికోడలు 'చూశావా, కూతురు వెళ్తుంటే కంటతడే లేదు' అని ఊరంతా చెప్పుకుంది. నేనే ఆ వీడియో చూపించి ఆవిడ పరువు నిలబెట్టానండి. ఐసు ఇంకో బస్తా పోశాం. ఏడాది ముందుకెళ్ళింది. బారసాల! పిల్లకి పేరు నాగదుర్గ అని ఉయ్యాల్లో వేస్తున్నారు. పెళ్ళికొడుకు ఇంకా మూడు ముళ్ళు వెయ్యలేదు, అప్పుడే మామగారు 'మనవరాలు నా పోలికే' అంటున్నాడు. ఇంకో బస్తా! ఆ నాగదుర్గ పెళ్ళిచూపులు కూడా వచ్చాయండి. చూడ్డానికొచ్చిన పెళ్ళికొడుకు తండ్రిని ఎక్కడో చూశానే అని దగ్గరికెళ్ళి చూద్దును కదా, ఆయన ఇంకా పుట్టలేదు!"

నవ్వు ఆగిపోయింది. లెక్కపెట్టుకోవడానికి చంద్రరావు వేళ్ళు తీసి మళ్ళీ ముడిచేశాడు. లోవమ్మ గరిట కింద పెట్టి, "చాల్లేవయ్యా!" అంది.

పల్లంరాజుగారు టీ గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టారు. సంచిలోంచి చెయ్యి ఖాళీగానే బయటికి వచ్చింది.

"త్రిమూర్తులుగారూ, ఆ కెమెరా ఇదేనన్నారు కదండీ?"

"ఇదేనండి, అచ్చంగా ఇదే."

"అయితే నేను ఈ తాంబూలం మీ చేతిలో పెట్టడం కూడా ఇందులో వచ్చే ఉంటుంది కదండీ. ఒక్కసారి చూపించండి. ఉంటే పెట్టేస్తాను, గొడవొదిలిపోతుంది."

త్రిమూర్తులు అటూ ఇటూ చూసి, సంచిలోంచి కెమెరా తీసి, బటన్ నొక్కాడు. స్క్రీన్ వెలిగింది. కార్డు లేదని ఒక ముక్క వచ్చి, మళ్ళీ చీకటి.

"ఎస్‌ఎస్‌డీ ఇంట్లో ఫ్రిజ్‌లో ఉందండి," అన్నాడు.

"మా అమ్మకి ఎనభై ఏడేళ్ళండి," అన్నారు పల్లంరాజుగారు. "ఆవిడకి జరగబోయేది అక్కర్లేదు. జరిగింది చూస్తే చాలు. ఒక్క మాట నిజం చెప్పండి. ఇది పనిచేస్తుందా?"

త్రిమూర్తులు తల దించుకున్నాడు. అతన్ని అలా నేనెప్పుడూ చూడలేదు. "ఆ తీగలు పెట్టిన రోజే కార్డు పెట్టే చోటు కాలిపోయిందండి. మూడు నెలలైంది, ఒక్క ముక్క తియ్యలేదు. మీరు తాంబూలం ఇస్తే అద్దె కెమెరా తెచ్చి తీద్దామనుకున్నానండి. తియ్యడం మాత్రం బాగా తీస్తానండి, అది అబద్ధం కాదు."

"ఆ సంగతి నాకూ తెలుసండి. మా బావమరిది పెళ్ళి మీరే తీశారు, చూసే వచ్చాను. ఇందాకే అద్దె కెమెరా తెస్తానని చెప్పుంటే ఇచ్చేసి వెళ్ళేవాణ్ణండి. ఇప్పుడు మీరు వస్తానన్నా ఆ రోజు వస్తారో రారోనని నాకు నిద్ర పట్టదు." ఆయన కోపంగా కూడా అనలేదు. లోవమ్మకి టీ బాగుందని చెప్పి, సంచి భుజాన తగిలించుకుని, రోడ్డు దాటి బస్టాండులోకి వెళ్ళిపోయారు.

నాకైతే నిజంగా బాధేసింది. త్రిమూర్తులు కెమెరా లెన్సుకి మూత పెట్టి, సంచిలో సర్ది, మెడ నిటారుగా ఎత్తాడు.

"ఆయన ఇవ్వకుండా వెళ్ళిపోతాడని నాకు తెలుసండి. పొద్దున్నే కెమెరాలో చూశాను."

లోవమ్మ పొయ్యి దగ్గరనుంచి తిరగనైనా తిరగలేదు.

"పొద్దున్నే చూసినోడివి, నోరు మూసుకుని కూర్చోవచ్చు కదయ్యా!"