ఎడమ పక్క బ్రేకు

మారేడుమిల్లా? రేపు వెళ్ళేది ఆ ఘాట్ రోడ్డుకేనా? కూర్చో హరీ, కాఫీ తాగి వెళుదువుగాని. ఆ బూట్లేమిటే, పోలీసు సెలక్షన్లకి వెళ్ళేదానిలా ఉన్నావు. బావున్నాయిలే, కొండెక్కాలంటే అవే ఉండాలి. మేము హవాయి చెప్పులతో ఎక్కి కాళ్ళు పగలగొట్టుకున్నాం. మేమంటే నేనూ, రామతులసీ. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మీ అమ్మకి లీలగా గుర్తుండొచ్చు, చిన్నప్పుడు దాన్ని జీపులో ఎక్కించుకుని బెంజ్ సర్కిల్ దాకా తిప్పి తెచ్చేది. అప్పుడక్కడ ఇంత రద్దీ ఎక్కడిది. అవునూ, ఆ కారు నీ జీతంతో నువ్వు కొనుక్కున్నదేగా. ఇక్కణ్ణుంచి నువ్వే తోలతావుగా. మరి ఘాట్ మొదట్లో ప్రణవ్‌కి ఇచ్చేస్తానంటావేం? ఏమన్నాడు మీ ఆయన, "అక్కణ్ణుంచి నేను చూసుకుంటాలే" అన్నాడా. అచ్చం అదే మాట. నలభై ఏళ్ళయినా ఆ మాట అరగలేదు చూడు.

రామతులసిది చల్లపల్లి పక్కన పల్లె. మా కాలేజీలో తను బాటనీ, నేను తెలుగు. స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీలు. వాళ్ళ నాన్నకి కొడుకుల్లేరు. ట్రాక్టరు తోలే మనిషి రాని రోజున ఈ పిల్లనెక్కించి కాలవ గట్టు మీద తోలించాడట. మన వైపు ఎత్తంటే అదేగా, కాలవ గట్టు. అది దిగితే చేలు, మళ్ళీ అంతా బల్లపరుపు. కానీ బస్తాలేసుకుని ఆ గట్టు దిగడమే ఘాట్‌కి పాఠం అనేది. "ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి ప్రసూనా, బ్రేకు మీద ఆశ పెట్టుకోకూడదు" అనేది. నాకేం తెలుసు, నాకు సైకిలే రాదు. పెళ్ళయ్యాక వాళ్ళాయన బసవయ్యగారు వేలంలో పాత జీపొకటి కొన్నారు. కొన్నది ఆయన, తోలేది ఈవిడ. ఆయనకి విత్తనాల కొట్టు, రోజంతా అక్కడే. పాల కేంద్రానికీ, బ్యాంకుకీ, అత్తగారి కంటి ఆపరేషన్‌కీ అన్నిటికీ ఈవిడే డ్రైవరు. అప్పుడెవరికీ అభ్యంతరం లేదు. పని ఉన్నచోట ఆడదాని చేతిలో స్టీరింగ్ అందరికీ ముద్దే.

ఏటా కార్తీకంలో, కాలేజీ సెలవులు చూసుకుని మారేడుమిల్లి వెళ్ళేవాళ్ళం. అదొక్కటే తను నోరు తెరిచి అడిగిన కోరిక. తెల్లారేసరికి బయల్దేరేది. హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగితే జనం జీపు చుట్టూ మూగేవాళ్ళు. ఒకాయనైతే స్టీరింగ్ మీద చెయ్యేసి కూర్చున్న ఆవిడ్నే అడిగాడు, "డ్రైవరెక్కడికి వెళ్ళాడండీ?" అని. ఈవిడ ఎంతో మర్యాదగా "టీ తాగుతున్నాడండీ" అని చెప్పి, గ్లాసెత్తి తాగింది. నాకు పొలమారింది. అలా ఏలూరు, గోదావరి వంతెన, రంపచోడవరం, మొత్తం తనే. గతుకుల్లో సరుగుడు లారీల్ని తప్పించుకుంటూ అంత దూరం తోలుకొచ్చాక, ఘాట్ మొదలయ్యే చోట రోడ్డు పక్కన చిన్న గుడి. అక్కడ జీపాపి, దిగి, కొబ్బరికాయ కొట్టడం. ఎక్కేటప్పుడు బసవయ్యగారు కుడి పక్కకి వచ్చేసేవారు. "తులసీ, అటు జరుగమ్మా. అలిసిపోయావు. ఇక్కణ్ణుంచి నేను చూసుకుంటాలే." ఎంత మెత్తగా అనేవారో. అప్పటిదాకా ఎడమ సీట్లో కునుకు తీసిన మనిషి.

ఇవ్వనని అనొచ్చుగా అంటావు. నేనూ అడిగాను. ఇవ్వనంటే పోట్లాట, పోట్లాటైతే ముఖాలు మాడ్చుకోవడం, ఆ పై ఏడు ప్రయాణమే ఉండదు అంది. అంటే కొండ కావాలంటే స్టీరింగ్ ఇచ్చెయ్యాలి. అదీ లెక్క. కొట్టే మొగుడైతే నేనే తిట్టిపోద్దును. ఆయన మంచివాడే. జ్వరమొస్తే జావ కాచి ఇచ్చే మనిషి. పెళ్ళాం ఘాట్ తోలుతుంటే పక్కన కూర్చుని ఉండటం మాత్రం ఆయన వల్ల కాదు. చెక్‌పోస్టు దగ్గర గార్డు ఓసారి ఊరికే, "అయ్యగారికి డ్రైవింగ్ రాదాండీ" అన్నాడట, అది పట్టుకున్నారు. ఎదుటివాడు ఏమనుకుంటాడోనని బతికేది ఆడవాళ్ళేనని ఎవరన్నారో గానీ, మగవాళ్ళంత భయస్తులు ఇంకొకళ్ళు లేరు.

ఎక్కేటప్పుడు ఫరవాలేదు. దిగేటప్పుడే ప్రాణం మీదికి. డీజిలు కలిసొస్తుందని ఆయన న్యూట్రల్‌లో వదిలేసేవారు. బల్లపరుపు రోడ్ల అలవాటు. జీపు దానంతటది పరిగెత్తేది. ఈవిడ ఎడమ సీట్లో కూర్చుని, మాట్లాడకుండా, కుడి కాలు నేలకేసి అదిమేది. ప్రతి మలుపులోనూ అదిమేది. అక్కడ బ్రేకెక్కడుందీ, ఉత్త రబ్బరు పట్టా. నేను వెనక సీట్లోంచి ఆ మడమే చూస్తూ ఉండేదాన్ని. మాట్లాడితే ఆయనకి కోపమొస్తుంది, కోపమొస్తే ఇంకా స్పీడు. అందుకని ఆ కాలు ఒక్కటే మాట్లాడేది.

ఘాట్ మధ్యలో ఎడమకి ఒక మట్టిదారి చీలుతుంది. చిన్న వాగు దాటాక రాళ్ళడ్డం, జీపు అంతవరకే. అక్కణ్ణుంచి కాలిబాట. బసవయ్యగారు జీపులోనే కూర్చుని పేపరు చదువుకునేవారు, ఆయనకి నడక పడదు. మేమిద్దరం ఎక్కేవాళ్ళం, తను ఆకులు కోస్తూ పేర్లు చెబుతూ. పైన బండ మీద కూర్చుని పులిహోర తినేవాళ్ళం. అక్కణ్ణుంచి చూస్తే కింద ఘాట్ రోడ్డు కనిపిస్తుంది, చెట్ల మధ్యలో ముక్కలు ముక్కలుగా. తను కొండల వంక చూసేది కాదే, ఆ రోడ్డు వంకే చూసేది. "ఇక్కడికి ఎక్కడానికి కాదు ప్రసూనా నేనొచ్చేది. ఇక్కడిదాకా తోలుకురావాలని" అంది ఓసారి.

ఒక ఏడాది దారి దొరికిందనుకున్నాం. బసవయ్యగారు కొట్లో జారిపడి చేతికి కట్టు కట్టించుకున్నారు. ఇంక తోలేదెవరు, ఈవిడేగా. ఆ పొద్దున తులసి ముఖం నువ్వు చూడాల్సింది. దారంతా కూనిరాగం. ఆ గుడి దగ్గర ఆపితే, అరుగు మీంచి లేచి ఆయన తమ్ముడొచ్చాడు. రాజమండ్రిలో ఉద్యోగం అతనికి. బస్సెక్కి ముందే రమ్మని కబురు పెట్టారట. అతనికి డ్రైవింగ్ నేర్పిందెవరనుకున్నావు, తులసే. ఆ ముందు వేసవిలో, చల్లపల్లి రోడ్డు మీద, క్లచ్చేదో బ్రేకేదో కాళ్ళు పట్టుకు చూపించి మరీ నేర్పింది. "వదినా, మీరు అటు జరగండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు పాపం. తను తాళం కూడా జీపుకే ఉంచి, చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ పక్క ఎక్కింది. అన్నని చూసి పట్టుకున్న అలవాటేమో, దిగేటప్పుడు అతనూ న్యూట్రలే. సగం దూరం వచ్చేసరికి మాడు వాసన, బ్రేకు తొక్కితే మెత్తగా కిందికి పోతోందట. అతను కేకలు పెట్టాడు. తులసి క్లాసులో చెప్పినట్టు చెప్పింది, "క్లచ్ నొక్కు. థర్డ్ వెయ్యి. వదులు. ఇప్పుడు సెకండ్. కొండ పక్కకి రా." జీపు గట్టుకి రాసుకుంటూ ఆగింది. ఇంటికొచ్చాక బసవయ్యగారు అందరికీ చెప్పారు, మా తమ్ముడు భలే దింపాడండీ అని. తులసి కాఫీలందిస్తూ ఉంది. రాత్రి మాత్రం అన్నారట, "వచ్చే ఏడు నువ్వే తోలుదువుగానిలే" అని. నిజంగానే అన్నారేమో, ఎవరికి తెలుసు. ఆ తర్వాతి శ్రావణంలో తులసికి పచ్చకామెర్లు వచ్చాయి. కార్తీకం దాకా ఉండలేదు.

జీపు అమ్మేశారు తర్వాత. బేరమాడిన మనిషి అంతా చూసి, ఎడమ పక్క రబ్బరు పట్టా ఎత్తి చూపించాడట, ఇదేమిటండీ ఇలా చిల్లు పడిందీ, డ్రైవరు వైపు బానే ఉందిగా అని. ఆయన ఆ పట్టా చుట్టి చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చారు. ఇక్కడే, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నారు. "మీరు వెనక సీట్లో ఉండేవారు కదమ్మా. ఇది ఎందుకరిగిందో మీకేమన్నా తెలుసా" అన్నారు. నిజంగానే తెలీదు ఆ మనిషికి. "అక్కడ ఆవిడ బ్రేకు తొక్కేదండీ" అన్నాను. ఆ చిల్లులో వేలు పెట్టి చూసుకున్నారు. "బ్రేకు నా వైపు కదమ్మా ఉంది" అన్నారు. "అవునండీ, మీ వైపే ఉంది" అన్నాను.

...

కాఫీ చల్లారిపోయినట్టుంది, వేడిచేసుకో. ప్రణవ్ కిందే ఉన్నాడా? కారు తాళాలు ఇక్కడ బల్ల మీదే పడేశావు, చూడు. తీసి నీ బ్యాగులో వేసుకో.